గట్టు దాటితే చట్టం వేరు: ఇంగ్లండు ట్రౌటు చెరువులు, గాలం లైసెన్సు

సరిహద్దు గ్రామాలలో పుట్టి పెరిగినవారికి ఒక సత్యాన్ని ప్రత్యేకంగా బోధించనవసరం లేదు. వాగుకు ఈవల ఒక ప్రభుత్వం, ఆవల మరొక ప్రభుత్వం. నీరు ఒక్కటే, చేప ఒక్కటే, ఇరుగట్లపై వినిపించే తెలుగు కూడా ఒక్కటే. కాని గట్టు దాటగానే బడి భాష మారుతుంది, రేషను కార్డు మారుతుంది, దరఖాస్తు నమూనా మారుతుంది. "అక్కడ చెల్లింది కదా, ఇక్కడ ఎందుకు చెల్లదు?" అని అడిగి, కార్యాలయాల చుట్టూ తిరిగి, చివరకు పద్ధతి తెలుసుకొని నడుచుకోవడం మనకు తరతరాల అలవాటు. ఆ అలవాటు సముద్రాలు దాటి వెళ్ళినప్పుడు కూడా అక్కరకు వస్తుంది.

నేడు మన పల్లెల నుండి చదువుకో, ఉద్యోగానికో ఇంగ్లండు వెళ్ళి స్థిరపడిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిని చూచి రావడానికి తల్లిదండ్రులు వెళ్ళి కొన్ని నెలలు ఉండి వస్తారు. అక్కడ ఇంట్లో కూర్చుని విసిగిన తండ్రిని చూచి, "నాన్నగారూ, ఆదివారం చేపలు పట్టడానికి వెళ్దామా?" అని కుమారుడు అడగడం సహజం. చిన్ననాట చెరువు గట్టున వెదురు కర్రకు దారం కట్టి, ఎర్రను ఎరగా గుచ్చి కూర్చున్న మనిషికి అంతకంటె సంతోషం ఏముంటుంది? అయితే మన చెరువు గట్టు మీద కూర్చున్నట్లు అక్కడ కూర్చోవడానికి వీలులేదు. ముందుగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ట్రౌటు ఎట్టి చేప?

ట్రౌటు చల్లని నీటి చేప. మన బొచ్చె, రోహు వంటివి 25 డిగ్రీలు దాటిన వెచ్చని నీటిలో చక్కగా పెరుగుతాయి. ట్రౌటు అట్లా కాదు. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే అది అలసిపోతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

ఇంగ్లండు చెరువులలో ప్రధానంగా రెండు రకాల ట్రౌటు కనిపిస్తుంది. గోధుమ వన్నె ట్రౌటు ఆ దేశానికి సహజమైనది. ఒంటి పక్కల గులాబి రంగు చార గల రెయిన్‌బో ట్రౌటు అమెరికా ఖండపు పసిఫిక్ తీరానికి చెందినది; 1880ల దశకంలో దానిని బ్రిటనుకు తెచ్చారు. ట్రౌటు గుడ్లు పెట్టడానికి గులకరాళ్ళపై పారే నీరు కావాలి. నిలువ నీటి చెరువులో ఆ వసతి లేదు. అందువల్ల చేపల క్షేత్రాలలో పెంచిన ట్రౌటును యజమానులు ఖరీదు చేసి తెచ్చి చెరువులో వదులుతారు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే అక్కడి నియమాలలో సగం వాటంతట అవే బోధపడతాయి. అక్కడ గాలానికి చిక్కేది ఎవరికీ చెందని చేప కాదు. ఒకరు సొమ్ము పెట్టి కొన్న చేప.

ఇటువంటి వినోదానికి పేరుపొందిన జలాశయాలలో సోమర్సెట్ ప్రాంతంలోని బ్లాగ్డన్ పాతది. అక్కడ 1904లో ట్రౌటు వేట ఆరంభమైంది. అది పెద్ద జలాశయం. సాధారణంగా కుటుంబాలు వెళ్ళేవి కొన్ని ఎకరాలు మాత్రమే ఉండే చిన్న చెరువులకు.

రెండు అనుమతులు, రెండు రుసుములు

కొత్తవారు తరచుగా పొరబడేది ఇక్కడే. చెరువు వద్ద టికెట్టు కొన్నాము కాబట్టి అంతా అయిపోయిందని అనుకుంటారు. లేదా ప్రభుత్వ లైసెన్సు ఉన్నది కాబట్టి ఏ చెరువులోనైనా గాలం వేయవచ్చునని భావిస్తారు. ఈ రెండు ఊహలూ తప్పే.

మన ఊరి పద్ధతితో పోల్చి చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ఊరి చెరువులో చేపల హక్కును మత్స్యకారుల సంఘమో, మరొకరో పాట పాడుకొని ఉంటే, వారి అనుమతి లేకుండా చేప పట్టరాదు. ఇంగ్లండులో చెరువు యజమాని ఇచ్చే దినసరి టికెట్టు ఆ పాటదారు అనుమతి వంటిది. దానితో పాటు, గాలపు కర్ర పట్టే ప్రతి వ్యక్తీ ప్రభుత్వ సంస్థ నుండి వేరుగా లైసెన్సు పొందాలి. ఇంగ్లండులో ఈ వ్యవహారాన్ని ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే సంస్థ చూస్తుంది. దీనికి మూలం 1975 నాటి సాల్మన్, మంచినీటి చేపల చట్టం. లైసెన్సు మీద వచ్చే సొమ్మును చేపల సంరక్షణకు, నదుల బాగుకు వినియోగిస్తారు. ఇంగ్లండు, వేల్సు రెండింటికీ ఒకే లైసెన్సు చెల్లుతుంది.

టికెట్టు లేకుండా లైసెన్సుతో మాత్రమే ప్రైవేటు చెరువులో చేప పడితే అది 1968 నాటి దొంగతనాల చట్టం కింద నేరం. లైసెన్సు లేకుండా టికెట్టుతో మాత్రమే పడితే మరొక చట్టం కింద నేరం. కనుక రెండూ ఉండాలి.

లైసెన్సు ఎవరికి, ఎంత కాలానికి?

13 సంవత్సరాలు నిండని పిల్లలకు లైసెన్సు అవసరం లేదు. 13 నుండి 16 ఏళ్ళ వయస్సు గలవారికి రుసుము లేదు. కాని లైసెన్సు మాత్రం తీసుకోవాలి. ఉచితం కాబట్టి అక్కరలేదని అనుకోరాదు. అంతకు పైబడిన ప్రతివారూ, చూడవచ్చిన అతిథి అయినా సరే, రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసినదే. వృద్ధులకు, వికలాంగులకు సంవత్సరపు లైసెన్సులో తగ్గింపు ఉన్నది.

ఒక్క రోజుకు, ఎనిమిది రోజులకు, పన్నెండు నెలలకు వేర్వేరు లైసెన్సులు ఉన్నాయి. 2017లో పెద్దలకు ట్రౌటు లైసెన్సు రుసుము వరుసగా 6, 12, 30 పౌండ్లు ఉండేది, తరువాత పెరిగింది. కనుక వెళ్ళే ముందు ప్రభుత్వ వెబ్‌సైటులో నాటి ధర చూచుకోవడం మంచిది. లైసెన్సును అక్కడనే కొనవచ్చును. కుమారుడు తండ్రి పేరిట కొనవచ్చును. కాని ఒకరి లైసెన్సుపై మరొకరు గాలం వేయరాదు. తండ్రీ కొడుకులు ఇద్దరూ కర్ర పట్టేటట్లయితే ఇద్దరికీ వేర్వేరుగా ఉండాలి. సాల్మనుకు, సముద్రం నుండి ఎదురెక్కి వచ్చే ట్రౌటుకు వేరే రకం లైసెన్సు ఉన్నది. చిన్న చెరువుకు వెళ్ళేవారికి దానితో పని లేదు.

చెరువు వద్ద ఒక రోజు

చెరువు చేరగానే ముందుగా అక్కడి చిన్న కార్యాలయానికి వెళ్ళి టికెట్టు తీసుకోవాలి. ఆ టికెట్టుపైనే ఎన్ని చేపలు తీసుకొని పోవచ్చునో వ్రాసి ఉంటుంది. రెండు చేపల టికెట్టు అయితే రెండు పట్టగానే ఆపివేయాలి, లేదా మరొక టికెట్టు కొనాలి. పట్టి తిరిగి వదిలివేయడానికి వేరే టికెట్టు కొన్నిచోట్ల ఉంటుంది. మరికొన్నిచోట్ల పట్టిన చేపను వదలరాదనే నియమం ఉంటుంది. వేసవిలో నీరు వేడెక్కినప్పుడు వదలడాన్ని నిషేధించేవారు, చెరువునే మూసివేసేవారు కూడా ఉన్నారు. అలసిన చేపను వెచ్చని నీటిలో వదిలితే అది బ్రతకడం కష్టం.

చాలా ట్రౌటు చెరువులలో ఎర్రను గాని, పిండిని గాని ఎరగా వాడరాదు. ఈకలు, దారాలు చుట్టి పురుగులాగా తయారుచేసిన కృత్రిమ ఎరను మాత్రమే వాడాలి. ఆ ఎరకు బరువు ఉండదు. దానిని దూరం చేర్చేది బరువైన దారమే. అందుకే కర్రను వెనుకకు, ముందుకు ఆడించి దారాన్ని విసురుతారు. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. విసిరేటప్పుడు వెనుక మనుష్యులు లేకుండా చూచుకోవాలి. కళ్ళద్దాలు, టోపీ తప్పనిసరి అని భావించాలి. కొన్ని చెరువులలో ఎదురుముల్లు లేని కొక్కెం మాత్రమే వాడాలి. ఇది చేపకే కాదు, మన వేలికి గుచ్చుకున్నా మేలే.

గోధుమ వన్నె ట్రౌటు గుడ్లు పెట్టే శీతకాలంలో దానిని పట్టరాదనే నిషేధం ఉంటుంది. తేదీలు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. చుట్టూ మూసి ఉన్న నిలువ నీటిలోని రెయిన్‌బో ట్రౌటుకు అట్టి చట్టబద్ధమైన నిషేధ కాలం లేదు. అందువల్లనే అనేక చిన్న చెరువులు చలికాలంలోనూ తెరిచి ఉంటాయి.

మరొక జాగ్రత్త. ఒక చెరువులో వాడిన వల, బూట్లు శుభ్రం చేసి, ఆరబెట్టకుండా మరొక చెరువుకు తీసుకొని పోరాదు. 2010లో కేంబ్రిడ్జిషైర్ ప్రాంతంలోని గ్రాఫమ్ జలాశయంలో, స్థానిక జీవులను తినివేసే ఒక పరదేశపు రొయ్య జాతి బయటపడింది. తడి సామగ్రితో ఇటువంటివి చెరువు నుండి చెరువుకు పాకుతాయి. చేపపిల్లలకు రోగం సోకి నష్టపోయిన మన రైతులకు దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు.

అక్కడా ఒక సరిహద్దు కథ

మన పాఠకులకు ఆసక్తి కలిగించే విశేషం ఒకటున్నది. ఇంగ్లండుకు, స్కాట్లండుకు మధ్య కూడా సరిహద్దు నదులు ఉన్నాయి. స్కాట్లండులో ఈ ప్రభుత్వ లైసెన్సు పద్ధతి లేదు; నీటి యజమాని అనుమతి ఉంటే చాలును. మరి రెండు దేశాలలో పారే నది సంగతి ఏమిటి? ట్వీడ్ నది స్కాట్లండులో పుట్టి, కొంత దూరం సరిహద్దుగా పారి, ఇంగ్లండు గడ్డపైన సముద్రంలో కలుస్తుంది. ఆ నదికి ఇంగ్లండు భాగంలో కూడా ఈ లైసెన్సు అవసరం లేదు. ఎస్క్ అనే మరొక సరిహద్దు నది విషయం తలకిందులు. అది స్కాట్లండులో పారే భాగంలోనూ, దాని ఉపనదులలోనూ ఇంగ్లండు లైసెన్సు కావాలి. అనగా నదిని గీతతో రెండు ముక్కలు చేయక, మొత్తం నదికి ఒకే పద్ధతి అమలు చేశారు. చేపకు సరిహద్దు రాయి కనిపించదు కదా! ఇరు రాష్ట్రాల మధ్య నీటి తగవులు చూచిన మనకు ఇది ఆలోచించదగిన విషయం.

తనిఖీ వస్తే

అధికారులు చెరువు గట్టుకు వచ్చి లైసెన్సు చూపమని అడగవచ్చును. పేరు, చిరునామా చెప్పాలి. కాగితమైనా, ఫోనుకు వచ్చిన సందేశమైనా చూపాలి. లైసెన్సు లేకుండా పట్టుబడితే న్యాయస్థానం 2,500 పౌండ్ల వరకు జరిమానా విధించవచ్చును. అంతకంటె బరువైనది మరొకటి ఉన్నది. మరల వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు, గతంలో పడిన శిక్షల గురించి అడుగుతారు, దాచరాదు. మనుమడిని చూడడానికి మరల వెళ్ళాలని కోరుకునే పెద్దవారు, ఒక్క రోజు లైసెన్సు రుసుమును ఆదా చేయబోయి ఆ చిక్కు కొనితెచ్చుకోవడం వివేకం కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మర్యాదగా మాట్లాడి, కాగితం చూపితే ఆ తనిఖీ నిమిషాలలో ముగుస్తుంది.

మన వైపు

ట్రౌటు మన దేశానికీ వచ్చింది. నీలగిరులలోని అవలాంచి వద్ద 1907లో ట్రౌటు పిల్లల ఉత్పత్తి కేంద్రం ఏర్పడింది. చల్లని కొండవాగులు ఉన్నచోటనే అది నిలిచింది. మన మైదానాల చెరువులకు అది సరిపడదు. కాని నియమం వెనుక ఉన్న నీతి సరిపడుతుంది. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరంగా ప్రకటించింది. అయినా ఆ చేటు పూర్తిగా పోలేదు. అట్లా చంపినచోట చేపతో పాటు చేపపిల్లలూ, తరువాతి ఏటి పంటా నశిస్తాయి.

ఇంగ్లండు చెరువు గట్టున రెండు చేపలతో సంతృప్తి పడి కర్ర మడిచిన తండ్రి, తిరిగి ఊరికి వచ్చినప్పుడు తన చెరువును కొత్త కళ్ళతో చూస్తే ఆ ప్రయాణం సార్థకమైనట్లే. వెళ్ళబోయేవారు గుర్తుంచుకోవలసింది ఇంతే: ముందు లైసెన్సు, తరువాత టికెట్టు, ఆ తరువాతనే గాలం.