నిప్పురవ్వ అడగని బండి

మిర్చి సీజన్. మాచర్ల నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని బయల్దేరిన పాత డీజిల్ పికప్ పిడుగురాళ్ల దాటకుండానే ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. "ఎయిర్ పట్టిందన్నా" అన్నాడు డ్రైవరు. ముందురోజు డీజిల్ అడుగంటేదాకా నడిపాడట!

ఈ గాలి గొడవ అర్థం కావాలంటే రుడాల్ఫ్ డీజిల్ దగ్గరికి వెళ్లాలి. 1893లో పేటెంటు పొందాడు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజిన్ సజావుగా నడిచింది. సైకిల్ పంపు కొడుతుంటే దాని అడుగు కాలుతుంది కదా, కిటుకంతా అదే. గాలిని ఇరవయ్యో వంతుకు నొక్కితే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి ఇంధనం చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది, నిప్పురవ్వతో పనిలేదు. 1900 పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో కూడా నడిపారు. మనమైతే ఆ నూనెతో గారెలు వేసుకునేవాళ్లం.

అయితే తొలి ఇంజిన్లు గదంత ఉండేవి. ఇంధనం చిమ్మడానికి వేరే కంప్రెసర్ కావాలి మరి. 1927లో బాష్ కంపెనీ చిన్న ఇంజెక్షన్ పంపుల తయారీ మొదలుపెట్టాక డీజిల్ ఇంజిన్ లారీల్లో బాగా ఇమిడింది. ఆ పంపు డీజిల్‌ను వాతావరణ పీడనానికి వందల రెట్లు ఒత్తిడితో నాజిల్‌కు తోస్తుంది. ద్రవం నొక్కితే నలగదు కాబట్టి ఆ తోపు నేరుగా నాజిల్‌కు చేరుతుంది. మధ్యలో గాలిబుడగ చేరిందో, అది స్పంజిలా నలుగుతుంది, నాజిల్ తెరుచుకోదు.

మా డ్రైవరు ఫిల్టర్ మీది బోల్టు కాస్త లూజు చేసి చేతిపంపు నొక్కసాగాడు. మొదట సబ్బునురగలాంటి డీజిల్ బుసబుసమంటూ వచ్చింది. పాతిక సార్లు నొక్కాక బుడగలు ఆగి నూలుపోగులా సన్నటి ధార పడింది. ధార పడుతుండగానే బోల్టు బిగించాడు. పంపు వదిలాక బిగిస్తే గాలి మళ్లీ లోపలికే. రెండోసారి సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. దాంతోపాటు గుప్పుమని నల్లపొగ.

ఆ పొగకు కారణం ఎయిర్ ఫిల్టరే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల మధ్య తిరిగే బండికి ఫిల్టర్ మూసుకుపోవడం మామూలే. గాలి చాలక డీజిల్ సగం కాలి మసిగా వస్తుంది. నీలిపొగైతే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని లెక్క. వేడెక్కిన ఇంజిన్ తియ్యటి వాసనతో తెల్లపొగ వదులుతుంటే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోందని అనుమానించాలి, అది ఖర్చే.

ఎండలకు పేరుమోసిన రెంటచింతల వైపు వెళ్లే బళ్లకు ఇంజిన్ వేడెక్కకూడదని థర్మోస్టాట్ పీకేయడం ఇక్కడ మెకానిక్కుల అలవాటు. నాకది నచ్చదు. అది తీస్తే ఇంజిన్ చల్లని ఉదయాల్లో వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ లోపు డీజిల్ ఎక్కువ తాగుతుంది. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పత్తిపోగులు, దుమ్ము కడిగి, ఫ్యాన్ బెల్టు బిగించి చూడండి ముందు. కాగిపోతున్న రేడియేటర్ మూత మాత్రం తీయకండి. ఒత్తిడిలో ఉన్నంతసేపూ నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. అరగంట ఆగాలి. మా బండీ దారిలో వేడెక్కడంతో మేము ఆ అరగంట చెట్టు నీడలో టిక్కీలకు కాపలా కూర్చున్నాం, తుమ్ముతూ.