పల్చటి రేకుకి ఏ వెల్డింగు మిషను?

తెలుగు శాఖ గోడ పత్రికలో వెల్డింగు సంగతి ఎందుకని కొందరు అడగవచ్చు. ఈ పనికి మనకి సొంత మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఓటి బిందెకి మాటు వేస్తాం, నగకి టంకం పెడతాం, విరిగినదాన్ని అతుకుతాం. తిరుత్తణి చుట్టుపక్కల మన ఇళ్ళల్లో మాత్రం వెల్డింగు షాపుని తమిళంలో లాగా 'పట్టరై' అనే అంటా ఉంటాం. మాట ఏదైనా సరే, ఇంట్లోనే చిన్నచిన్న రేకు పనులు చేసుకోవాలనుకునేవాళ్ళు మిషను కొనేటప్పుడు ఏం చూడాలో రాస్తున్నాను.

రేకు వస్తువు లేని ఇల్లు ఉండదు. తడిగుడ్డతో తుడిచి తుడిచి బీరువా అడుగు తుప్పు పడుతుంది. పాత స్కూటర్లో కాళ్ళు పెట్టుకునే చోట చిల్లులు పడతాయి. మా క్లాసులో ఒక అమ్మాయి వాళ్ళ అమ్మగారు టిఫిన్ బండి నడుపుతారు. స్టవ్ కింది రేకు తుప్పు తిని, వేలు దూరేంత చిల్లు పడితే దగ్గర్లోని పట్టరైకి తోసుకుపోయారు. అక్కడ ఉన్నది కడ్డీతో వేసే మామూలు మిషను. ఒక చిల్లు మూడు చిల్లులయింది. రెండు రోజులు బండి పెట్టలేదు, రెండు రోజుల బేరం పోయింది. వేసినాయనకి పని రాదని కాదు. గేట్లకీ గ్రిల్లులకీ సరిపోయే మిషను అది, రేకుకి కాదు.

రేకు మందాన్ని గేజిలో చెప్తారు. నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. 16 గేజి అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 20 అంటే 0.9, 22 అంటే 0.7. ఉక్కు రేకుకి మిల్లీమీటరు మందానికి 40 ఆంపియర్లు అనేది పనివాళ్ళ మోటు లెక్క. 20 గేజి రేకుకి 35, 40 చాలన్నమాట. కానీ 2.5 మిల్లీమీటర్ల కడ్డీ సరిగ్గా మండాలంటే 60 దాటాలి. ఇక రేకు కరిగి జారిపోక ఏమవుతుంది?

మిగ్ మిషనులో కడ్డీ బదులు దారం ఉండలాగా చుట్టిన సన్నటి తీగ ఉంటుంది. టార్చి మీట నొక్కితే తీగ తనంతట తానే ముందుకి వస్తుంది, దాని చుట్టూ గ్యాస్ వచ్చి కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. 1948లో అమెరికాలో అల్యూమినియం అతకడానికి ఈ పద్ధతి తయారైంది. మొదట్లో దీని వేడి కూడా ఎక్కువే. తక్కువ వోల్టేజీలో తీగ కొస సెకనుకి పదులసార్లు రేకుని తాకి, చుక్క వదిలి, మళ్ళీ విడిపోయే పద్ధతి 1950ల చివర్లో వచ్చింది. పల్చటి రేకుకి దారి దొరికింది అప్పుడే. సరిగ్గా అమరితే అప్పళం వేయించినట్టు ఒకే తీరుగా చిటపటమంటుంది. టప్ టప్‌మని ఆగి ఆగి పేలిందంటే ఏదో తేడా ఉందని చెవే చెప్తుంది.

ఇక కొనే సంగతి. మిషను మీద పెద్ద అక్షరాలతో 200, 250 అని రాసి ఉంటుంది. అమ్మేవాళ్ళు కూడా ఆ నంబరే చెప్తారు. అది గరిష్ఠం. గ్యాస్ స్టవ్ కొనేటప్పుడు మంట ఎంత ఎత్తు లేస్తుందని మనం చూడం, సిమ్‌లో పెడితే ఆరకుండా నిలుస్తుందా అని చూస్తాం. ఇక్కడా అంతే. "ఇది ఎంత కిందకి దిగుతుందన్నా?" అని అడగండి. 30 ఆంపియర్లు, 14 లేదా 15 వోల్టుల దగ్గర వణక్కుండా మండితే అది మన మిషను. 50 దగ్గరే ఆగిపోయేదైతే, పైన 250 ఉన్నా మన బీరువాకి పనికిరాదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లలో మెట్లు మెట్లుగా తిప్పే స్విచ్చి ఉంటుంది. మొదటి మెట్టే వేడి ఎక్కువైతే చేయగలిగేది ఏమీ లేదు. ఇన్వర్టరు రకంలో కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు, బరువూ తక్కువ.

కరెంటు గురించి భయం అక్కర్లేదు. 50 ఆంపియర్ల దగ్గర వెల్డింగుకి 16.5 వోల్టులు చాలు. అంటే 825 వాట్లు, మిషనులో పోయే నష్టం కలుపుకున్నా ఇస్త్రీపెట్టె తినేంతే. ఎర్తు బాగున్న 16 ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుంది. అదే మిషనుని 200కి తిప్పితే ఆ ప్లగ్గు మోయలేదు.

తీగ 0.8 మిల్లీమీటర్లది తీసుకోండి. 0.6 దొరికితే రేకుకి ఇంకా మేలు, కానీ మిషను లోపల తీగని తోసే చక్రానికి ఆ కొలత గాడి ఉండాలి. గ్యాస్ దగ్గరే చాలామంది వెనకాడతారు, సిలిండరుకి వేరే డబ్బులని. అందుకే గ్యాస్ లేకుండా వేసే తీగతో చవక మిషన్లు అమ్ముతారు. నా మాటేమంటే, పని అంతా 20, 22 గేజి రేకు మీదే అయితే వాటి జోలికి పోవద్దు. వేడి ఎక్కువ, పొగ ఎక్కువ. గ్యాస్‌లో ఒట్టి కార్బన్ డయాక్సైడ్ చవక, కాకపోతే నిప్పురవ్వలు ఎక్కువ చిందుతాయి. ఆర్గాన్‌లో 20 శాతం అది కలిపిన గ్యాస్ రేకు మీద మెత్తగా పోతుంది. మరొక్కటి, గ్యాస్‌తో వాడే తీగకి టార్చి ప్లస్‌లో ఉండాలి, గ్యాస్ లేని తీగకి మైనస్‌లో. కొత్త మిషను సరిగ్గా పనిచేయకపోతే ముందు ఈ కొస చూడండి. సీలింగ్ ఫ్యాను కింద వేయొద్దు, గ్యాస్ కాస్తా ఎగిరిపోతుంది.

షాపుకి పోయేటప్పుడు మీ రేకు ముక్కలు రెండు పట్టుకుపోండి. వాళ్ళ మందపాటి ముక్క మీద ఏ మిషనైనా అందంగానే వేస్తుంది.

మంచి మిషను వచ్చినా గీత లాగినట్టు ఒకే ఊపులో వేస్తే రేకు అప్పడంలా వంకరపోతుంది. ఒక చుక్క ఇక్కడ, ఒకటి దూరంగా, మళ్ళీ మధ్యలో ఒకటి, అలా పోవాలి. మనం తిరుత్తణి నుంచి చెన్నైకి ఎక్కే రైలు పెరంబూరు మీదుగా పోతుంది. అక్కడి ఐ.సి.ఎఫ్. 1955లో స్విట్జర్లాండు సాంకేతిక సహాయంతో మొదలైంది. రైలు పెట్టె గోడలూ కప్పూ అడుగూ వెల్డింగుతో ఒకే గుల్లగా కట్టడం వాళ్ళ పని. వాళ్ళు రేకుల్ని పెద్ద చట్రాల్లో బిగించి వేస్తారు. మనకి రెండు క్లాంపులూ ఓపికా ఉంటే చాలు.

బడ్జెట్‌లో మాస్కు, తోలు గ్లౌజులు ముందే రాసుకోండి. వెలుగుకి తనంతట నల్లబడే మాస్కు కొత్తవాళ్ళకి సులువు. నూలు బట్టలే కట్టుకోవాలి. నైలాన్ చున్నీ మీద రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. జడ ముడివేసి లోపల పెట్టుకోవాలి. జింకు పూత రేకైతే అతుకు దగ్గర పూత గీకేయండి. ఉక్కు కరగడానికి సుమారు 1,500 డిగ్రీలు కావాలి, జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే సరిపోతుందని పట్టరైల్లో అంటా ఉంటారు. పాలు పోయేది కడుపులోకి, పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి.

పని అయ్యాక తీగ చుట్టని మిషనులోనే నెలల తరబడి వదిలేయకండి. తీసి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెట్టండి. ఐప్పసి వానలకి తుప్పు పట్టిందంటే టార్చి గొట్టంలో ఇరుక్కుంటుంది, గొట్టం మార్చాల్సి వస్తుంది.