అలలపై స్వారి

సముద్రపు టొడ్డున కూర్చుండి అలలను చూచువారికి నీరే దూరమునుండి పరుగెత్తి వచ్చి తీరమున పడుచున్నట్లు తోచును. నిజమునకు వచ్చునది నీరు కాదు, దాని ఆకారము మాత్రమే. వరిచేనిపై గాలి వీచినప్పుడు కంకులు వరుసగా వంగి లేచుచుండును. ఆ కదలిక చేని యీ కొననుండి ఆ కొనకు పోవును గాని ఏ కంకియు తన మొదలు విడిచి పోదు. లోతు సముద్రమున నీరును అట్లే తానున్న తావుననే గుండ్రముగా తిరిగి దాదాపు తన చోటికే మరలి వచ్చును. ఈ కదలెడి ఆకారముపై ఒక పలకను జార్చి, దానిపై నిలిచి తీరమువైపు వచ్చుటయే అలలపై స్వారి. ఆంగ్లేయులు దీనిని సర్ఫింగు అందురు. ఈ విద్య యెచ్చట పెరిగినది, దీనికి దేహము నెట్లు సిద్ధపరచుకొనవలెను, పలక నెట్లు ఎన్నుకొనవలెను అను సంగతులను ఈ ప్రసంగమున మనవి చేసెదను.

పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి దీవులలో ఈ విద్య పరిపూర్ణత నొందినది. అచ్చటి భాషలో దీనికి ‘హెఎ నలు’ అని పేరు. అలపై జారుట అని అర్థము. 1779లో కెప్టెన్ కుక్కు నావలతో వెళ్లిన జేమ్సు కింగు అను అధికారి, ఆ దీవులవారు పలకలపై అలల నెక్కి వచ్చుటను చూచి ఆశ్చర్యముతో వర్ణించియున్నాడు. అప్పటికే అచ్చట పలకలలో భేదములు ఏర్పడియుండెను. కొయ వంటి గట్టికొయ్యతో చేసిన పలుచని ‘అలాయ’ సామాన్యజనులకును ఉండెడిది. ‘విలివిలి’ అను మిక్కిలి తేలికయైన కొయ్యతో చేసిన పొడవైన ‘ఓలో’ ప్రభువులకు చెల్లెడిది. ఈ విలివిలి మన బాడిద చెట్టునకు జ్ఞాతి.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ విద్య అంతరించు స్థితికి వచ్చినది. విదేశీయులతో వచ్చిన రోగములచే దీవుల జనము వేలకొలదిగా నశించెను. మతప్రచారకులు పాత ఆటపాటలను మెచ్చుకొనకపోయిరి. మరల దీనికి ప్రాణము పోసినవారిలో ముఖ్యుడు డ్యూక్ కహనమోకు. ఆయన 1890లో హొనొలులూలో జన్మించెను. 1912లో స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలందు నూరుమీటర్ల ఈతలో బంగారు పతకము గెలిచెను. తరువాత ఆస్ట్రేలియాకు వెళ్లి, అచ్చటనే కొయ్యతో స్వయముగా పలక చెక్కి, సిడ్నీ చెంత అలలపై స్వారి చేసి చూపెను. 1925లో కాలిఫోర్నియా తీరమున ఒక పడవ తలక్రిందులైనప్పుడు తన పలకతో అలలలోనికి మరల మరల పోయి ఎనిమిదిమందిని ఒడ్డునకు చేర్చెను. అప్పటినుండి పలక ఆటవస్తువే గాక ప్రాణరక్షక సాధనమను గౌరవమును పొందెను.

ఇక అలను పట్టుటలోని కీలకము వినుడు. అల యొక్క రెండు శిఖరముల నడిమి దూరములో సగముకంటె లోతు తగ్గినప్పుడు సముద్రపు అడుగు అలకు తగులును. అప్పుడు దాని వేగము తగ్గి, ఎత్తు పెరిగి, ముందువైపు నిటారగును. ఎత్తు లోతులో మూడువంతులకు మించువేళకు పైభాగము ముందుకు ఒరిగి విరుగును. మూడడుగుల అల ఇంచుమించు నాలుగడుగుల నీటిలో విరుగునని లెక్క. స్వారిచేయువాడు అల విరుగుటకు కొంచెము ముందు, పలకపై బోర్లపరుండి రెండుచేతులతో తెడ్లవలె నీటిని వెనుకకు త్రోయుచు, అల వేగమునకు సమీపించు వేగమును సంపాదింపవలెను. అట్లు సంపాదించినయెడల అల వాని నెత్తుకొని పోవును. లేనియెడల వాని క్రిందుగా దాటిపోవును. మన తీరమున తెప్పపై వేటకు పోయిన బెస్తవారికి ఈ మర్మము తెలిసినదే. దుంగలు త్రాళ్లతో బిగించిన ఆ తెప్పపై మరలి వచ్చునప్పుడు సరియైన అలకై కనిపెట్టియుండి, అది రాగానే తెడ్డు వేసి, దాని ఊపుతో ఇసుకమీదికి చేరెడివారు. నేడు చాలచోట్ల తెప్పకు మారుగా యంత్రపు పడవలు వచ్చినను, ఆ నేర్పు ఈ నేర్పు ఒక్కటియే.

చూచువారికి పలకపై నిలుచుటయే ఈ విద్య యంతయు అనిపించును. కాని నీటిలో గడపిన కాలమును లెక్కించినచో ఇంచుమించు సగము చేతులతో నీరు త్రోయుటకే పోవును. మిగిలినదానిలో హెచ్చుభాగము అలకై వేచియుండుటకు చెల్లును. నిలిచి జారు కాలము నూటికి పదిపాళ్లైనను ఉండదు. కావున బలపడవలసినవి మొదట కాళ్లు కావు. భుజములు, వీపు, నడుము. ప్రతిదినము ఈత వీనికి తగిన వ్యాయామము. పలక చేజారినను ఒడ్డునకు ఈదుకొని రాగల శక్తి లేనివారు ఈ ఆటలో దిగరాదు. పిమ్మట నేలపైననే బోర్లపరుండి, అరచేతులు ప్రక్కటెముకల చెంత ఆనించి, ఒక్క ఊపున పాదములు క్రిందికి తెచ్చి, మోకాళ్లు వంచి, చూపు ముందునకు నిలిపి లేచుట అభ్యసింపవలెను. ఏ పాదము ముందుండవలెనను విషయమున నియమము లేదు. ఎవరికి ఏది సహజమో అదియే మేలు.

ఇప్పుడు పలక సంగతి. క్రొత్తవారు సాధారణముగా ప్రవీణులు వాడు పొట్టి పలకను చూచి దానినే కోరుదురు. అది ఫలింపకపోవుటకు కారణము మిక్కిలి సులువు. పలక ఎంత నీటిని తొలగించునో అంత బరువును మోయును. ఒక లీటరు సముద్రజలము కిలోగ్రామునకు రవంత హెచ్చు బరువు తూగును. ఎనిమిదడుగుల మెత్తని నురుగుపలక డెబ్బది ఎనుబది లీటర్ల పరిమాణము కలది. డెబ్బది కిలోల మనుష్యుడు పరుండినను నీటిపై తేలి తిన్నగా సాగును. అంతే బరువుగల ప్రవీణుడు ముప్పది లీటర్లకు లోపు పలకను వాడును. అది అతడు కూర్చుండినప్పుడు నీటిలో మునిగియుండి, వేగము వచ్చిన పిదపనే నీరు క్రిందనుండి ఎత్తుటచే పైకి వచ్చును. ఆ వేగమును తెచ్చుకొను భుజబలము, అల యెచ్చట విరుగునో ముందే గుర్తింపగల కన్ను అతనికి కలవు. క్రొత్తవానికి అవి లేవు. కనుక క్రొత్తవానికి ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవు, ఇరువది రెండు అంగుళములకు తగ్గని వెడల్పు, మూడు అంగుళముల మందము గల మెత్తని పలక తగును. తలకు తగిలినను అది గాయము తక్కువగా చేయును.

ఈ పలకకు మంచుమీద ఒక తమ్ముడు కలడు. 1965లో అమెరికాలోని మిషిగను రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను ఆయన తన బిడ్డల ఆటకై మంచుపై జారు రెండు స్కీలను ఒక్కటిగా బిగించెను. అది నానాటికి మారి, నేటి స్నోబోర్డు పుట్టుటకు దారి చూపెను. 1998లో జపానులోని నగానో ఒలింపిక్ క్రీడలలో దానికి చోటు దొరకెను. మన దేశమున కాశ్మీరపు గుల్మార్గులో ఈ ఆట కలదు. ఇచ్చట విచిత్రమేమనగా, సముద్రమున క్రొత్తవానికి పొడవు పలక హితమైనట్లు, మంచుపై క్రొత్తవానికి కొంచెము పొట్టిదై మెత్తగా వంగు పలక హితము. ఏలయన నీటిలో కష్టము వేగము తెచ్చుకొనుటలో నున్నది. కొండవాలున వేగము తనంత వచ్చును, కష్టమంతయు మలుపుటలోను ఆపుటలోను ఉన్నది. పాదములు పలకకు బిగించియుండును గనుక మడమవైపు అంచుపైనను వ్రేళ్లవైపు అంచుపైనను బరువు మార్చుచు మలుపవలెను. అందుచే తొడలు, మోకాళ్లు బలముగా నుండవలెను. శిరస్త్రాణము, మణికట్టు కవచము తప్పనిసరి. పలక పొడవును మనుష్యుని బరువునుబట్టియు, వెడల్పును పాదరక్షల కొలతనుబట్టియు నిర్ణయింతురు. రెంటికిని సూత్రమొక్కటే: కష్టమెచ్చట నున్నదో అచ్చట సాయపడు పలకయే మంచి పలక.

తుదకు అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. ఒడ్డునకు వచ్చిన నీరు తిరిగి పోవుటకు అలల నడుమ దారి చేసికొని లోపలికి వేగముగా ప్రవహించును. అట్టి చోట అలలు తక్కువగా విరుగును. నీరు నల్లబడి యుండును. నురుగు సముద్రమువైపు పోవుచుండును. ఎరుగనివారు దానిని నెమ్మదియైన చోటని భ్రమించి అచ్చటనే దిగుదురు. తీరములలో మునిగి చనిపోవువారిలో ఎందరో ఈ ప్రవాహములో చిక్కినవారే. చిక్కినయెడల దానికి ఎదురీదరాదు. ఎంతటి ఈతగాడైనను అలసిపోవును. పలకను విడువక తేలుచు, తీరమునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ప్రవాహము దాటిన పిదప విరుగు అలలతో ఒడ్డు చేరవలెను. పలకనుండి పడునప్పుడు తలక్రిందుగా దుముకక వెల్లగిలనైనను ప్రక్కకైనను పడి, చేతులతో తలను కప్పుకొనవలెను. పలకను ఎన్నడును తనకును అలకును నడుమ ఉంచుకొనరాదు.

హైదరాబాదులో 1999లో నెలకొల్పబడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము మన తీరములందలి అలల ఎత్తును, దిక్కును ముందుగా తెలుపుచున్నది. ఆ వార్త తెలిసికొని, ఆ తీరము నెరిగిన బెస్తవాని మాట విని, తోడు లేక ఒంటరిగా పోక, నడుములోతు నీటిలో విరిగిన అల నురుగుపై మొదలుపెట్టినవారికి ఈ విద్య క్రమముగా పట్టుబడును. తొలిదినములలో ఎన్నిమారులు నిలిచితిమని లెక్కింపనక్కరలేదు. ఎన్ని అలలను సరిగా గుర్తించితిమని లెక్కించుకొన్నవాడే త్వరలో నిలువగలడు.