ఎముకలు కట్టువాని ధర్మసంకటము



ఇంటిలో బిడ్డ క్రిందపడి చేయి విరుగగొట్టుకొన్నప్పుడు "ఎచ్చటికి గొనిపోవుదము?" అను ప్రశ్నకు మొదట సమాధానము చెప్పవలసినది తల్లియే. పురుషులు పొలమునకో పాఠశాలకో పోయియుందురు. ఇరుగుపొరుగువారు తలకొక మాట చెప్పుదురు. ఆలోచించుటకు వ్యవధి యుండదు. అట్టి గడియ గత వేసవిలో నాకు సంభవించినది. ఆనాడు నేర్చుకొన్నదానిని మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా చిన్నవాడు ఏడేండ్లవాడు. వేపచెట్టు కొమ్మపైనుండి జారి, అరచేయి నేలకానించి పడెను. మోచేతికి పైభాగము చూచుచుండగనే వాచెను. మా కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో ఎముకను బొక్క యందురు. విరిగిన బొక్కలు కట్టు వృద్ధుడొకడు మా పొరుగూర గలడు. తండ్రివలన ఆ పని నేర్చి నలుబదియేండ్లనుండి చేయుచున్నాడు. ఆయన చేతికట్టు ఎరుగని యిల్లు మా వీధిలో అరుదు. కావున బిడ్డను మొదట ఆయనకడకే గొనిపోతిని.

ఆయన వాపును ముట్టలేదు. మణికట్టుకడ నాడి చూచెను. వ్రేలిగోరు నొక్కి విడిచి, రంగు మరల వచ్చువరకు కాచుకొనెను. రెండవ చేతితో పోల్చి చూచెను. పిమ్మట నాతో, "అమ్మా, ఇది నా చేతిల పని గాదు. చెయ్యి సల్లవడుతున్నది. నేను కడితె ఇంకింత కరాబైతది. జల్ది పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి" అనెను. ఒక అట్టముక్కను ఆసరాగా నుంచి, చేయి కదలకుండ గుడ్డతో వదులుగా చుట్టి పంపెను. ఎంత చెప్పినను రూపాయి పుచ్చుకొనలేదు.

ఆ రాత్రియే పట్టణములోని దవాఖానలో ఎక్స్‌రే తీసి, ఎముకను సరిచేసి, సన్నని తీగలతో నిలిపిరి. విరిగిన మొన రక్తనాళమును ఒత్తుచుండెననియు, దానిపై బిగువుకట్టు పడియుండినచో చేయి దక్కుట కష్టమనియు వైద్యులు చెప్పిరి. నేడు మావాడు ఆ చేతితోనే పలకపై వ్రాయుచున్నాడు.

వృద్ధుడు చేసినది నాకు మహోపకారము. ఊరికి మాత్రమది వేరుగా దోచినది. "ముసలాయనకు చేతగాక పంపిండు" అను మాట వారము తిరుగకమునుపే నా చెవిని బడెను. కట్టినచో చట్టము తప్పనును. కట్టకున్న ఊరు చేతగానివా డనును. ఎముకలు కట్టువాని ధర్మసంకటమిదియే.

ఈ విద్యను మోటుదని త్రోసివేయుటకు వీలులేదు. బాల్యమున మా తాతగారికడ సంస్కృతము చదువుకొనునపుడు సుశ్రుతసంహితలోని భగ్నచికిత్సను వింటిని. సుశ్రుతుడు కీళ్ళు తప్పుటను 6 విధములుగను, ఎముక విరుగుటను 12 విధములుగను విభజించెను. కట్టుబద్దలకు మోదుగ, ఇప్ప, రావి, మఱ్ఱి, మేడి, మద్ది చెట్ల పట్టలను, వెదురును చెప్పెను. ఆదిలాబాదు అడవులెరిగినవారికి ఈ పేర్లన్నియు ఇంటిచుట్టముల పేర్లవంటివి. కట్టు వదులైనచో కీలు నిలువదనియు, బిగిసినచో వాపును నొప్పియు చీమును కలుగుననియు, నడిమితరపు కట్టే మేలనియు ఆయన హెచ్చరించెను. చలికాలమున 7 దినములకు, సమకాలమున 5 దినములకు, వేసవిలో 3 దినములకు కట్టు విప్పి మరల కట్టవలెనని నియమించెను. 1881లో జర్మను శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్, బిగువుకట్టువలన రక్తమందక కండరములు చచ్చి, చేతివ్రేళ్ళు గోరుకొంకులవలె ముడుచుకొనిపోవుటను వర్ణించెను. ఇరువురి మాటయు ఒక్కటే: కట్టులో మందుకంటె బిగువు ముఖ్యము.

ఇట్టి పరంపర మన దేశమునకే చెందినది కాదు. వేల్సు దేశమున ఎముకలు కట్టువారి వంశమున బుట్టిన హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) వైద్యకళాశాలలో జదివి, తండ్రితాతల చేతినేర్పును శాస్త్రముతో జేర్చెను. ఆయన కల్పించిన తొడకట్టు మొదటి ప్రపంచయుద్ధమున అనేక సైనికుల ప్రాణములు కాచినది. అమెరికాలో వెన్నెముకను చేతితో సవరించు కైరోప్రాక్టిక్ అను విద్యను 1895లో డి. డి. పామర్ అనునాతడు ప్రారంభించెను. రంట్‌జన్ ఎక్స్‌కిరణములను కనుగొన్నదియు ఆ సంవత్సరమే. అనుమతి లేక వైద్యము చేసెనని పామర్ 1906లో చెరసాలకేగెను. 1913లో కాన్సాస్ రాష్ట్రము ఆ వృత్తికి మొదటి అనుమతిచట్టము చేసెను. అన్నిటికంటె వెనుక 1974లో లూసియానా చేసెను. ఆ విద్య గుణదోషములనుగూర్చి నేటికిని వాదములు గలవు. అయినను అచ్చట దానికి కళాశాల కలదు, పరీక్ష కలదు, తప్పు చేసినచో అడుగువారు కలరు.

మన వృద్ధునకు ఇవేవియు లేవు. గుర్తింపుపొందిన పట్టము, నమోదు లేనివారు పరంపరాగత వైద్యులమని చెప్పుకొన్నను వైద్యము చేయరాదని 2018లో సుప్రీంకోర్టు కేరళ వైద్యుల వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 2020లో భారతీయ వైద్యపద్ధతులకు, 2021లో ఫిజియోథెరపీ మొదలగు అనుబంధవృత్తులకు జాతీయ కమిషన్ల చట్టములు వచ్చినవి. తండ్రివలన నేర్చిన చేతికి వానిలో చోటు దొరకలేదు. రోగుల క్షేమము కోరి చేసిన చట్టములను నేను తప్పుపట్టను. కాని చట్టము వచ్చినంతమాత్రమున జనము పోవుట మానలేదు. పుత్తూరు కట్టు పేరు తెలుగునాట విననివారెవరు? పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి ఆ ఊరి చెంత ఒక కుటుంబమువారు ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డతో కట్టుచున్న కట్టులకై దూరదేశములనుండి జనము పోవుచునేయున్నారు.

ఇటీవల బిడ్డను వెంటబెట్టుకొని వృద్ధుని చూడబోతిని. ఆయన వృత్తికష్టము లడిగితిని. "బొక్క లోపట ఉంటది, నా కండ్లు బైట ఉంటయి. ఫోటో తెమ్మంటె, మరి నువ్వెందుకంటరమ్మా" అని నవ్వెను. కుమారుడు ఈ పని నేర్వనని బొగ్గుగనిలో చేరినాడట. "కట్టు మంచిగైతె దేవుని దయ, కరాబైతె నా తప్పు. గీ పని వాడెందుకు నేరుస్తడు?" అనెను. ఆ మాటకు నాకు బదులు దొరకలేదు.

ఆయనవంటివారు వెనుదీయుచుండగా, పట్టణములలో మెడ విరుచువారు, వెన్ను త్రొక్కువారు వెలయుచున్నారు. చేతిలోని ఫోనునందు మెడ తటాలున త్రిప్పి చప్పుడు చేయించు వినోదములను చూచి, మనవారు వారికడకు పరుగెత్తుచున్నారు. బీడీలు చుట్టి, నాట్లు వేసి, పత్తి యేరి నడుము పట్టుకొనిపోయిన స్త్రీలకు ఆ చప్పుడు ఉపశమనమువలె దోచుట సహజము. కాని మెడ యెముకలగుండ మెదడునకు రక్తమును గొనిపోవు నాళములు సాగుచున్నవి. బలాత్కారముగా త్రిప్పినపుడు అవి చీలి పక్షవాతము కలుగుట అరుదైనను కలదు. ముట్టుడిగిన స్త్రీలకు ఎముకలు గుల్లబారి స్వల్పమైన ఒత్తిడికే విరుగవచ్చును. సాయంకాలపు జ్వరముతో, చిక్కుటతో కూడిన వెన్నునొప్పి ఎముకల క్షయ కావచ్చును. నడుమునొప్పితోబాటు కాళ్ళు బలహీనమగుట, మూత్రము పట్టుదప్పుట కనబడినచో అది చేతివైద్యమునకు సమయము కాదు. ఆ దినమే దవాఖాన చేరవలెను.

చేయి కాలు విరిగినపుడు గృహిణి మరువరాని గుర్తులును కొన్ని గలవు. గాయమునుండి ఎముక కనబడినను, అవయవము చల్లబడినను, తెల్లబోయినను, వ్రేళ్ళు తిమ్మిరెక్కినను, నాడి అందకున్నను ఎవ్వరిచేతను కట్టింపరాదు. కట్టిన పిదప నొప్పి తగ్గక పెరుగుచు, వ్రేళ్ళు కదల్చిన ప్రాణము పోవునట్లున్నచో, అర్ధరాత్రియైనను కట్టు విప్పించి దవాఖానకు పోవలెను. రక్తమందని కండరము దాదాపు 6 గంటలలో చెడనారంభించును. తెల్లవారనిమ్మని కూర్చుండుట చేటు. పిల్లల మోచేతిదెబ్బను ఎన్నడును తేలికగా దీసికొనరాదు.

దూరమను భయము మునుపటంతగా లేదు. ఆదిలాబాదున రిమ్స్ వైద్యకళాశాల 2008నుండి కలదు. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండములందును, 2023లో కరీంనగరు, సిరిసిల్ల, నిర్మలు, ఆసిఫాబాదులందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. 108కి ఫోను చేసిన బండి వచ్చును. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినది.

అయినను మొదటి గడియలో మన యింటికి దగ్గరగా నుండువాడు ఆ వృద్ధుడే. చూచుట, కదలకుండ నిలుపుట, ఏది తన పని కాదో ఎరిగి పంపుట — ఈ మూడును ఆయనకు చెప్పియిచ్చి, పంపిన రోగికి దవాఖాన ద్వారమున ఆదరము చూపినచో, ఆ నలుబదియేండ్ల చేతినేర్పు వృథా కాదు. అది పెద్దల పని. మనము చేయదగినది మరియొకటి కలదు. "నా వల్ల గాదు" అన్న వైద్యుని చేతగానివాడని యెంచకుందము. ఆ మాటకు ఆయన కూలి పోవును, పేరు పోవును. మన బిడ్డ చేయి మాత్రము నిలుచును.

ఈ సంక్రాంతికి మా యింట చేసిన సకినాలు మొదట ఆయన యింటికే పంపితిని. మోసికొనిపోయినది మా చిన్నవాడే, ఆ చేతితోనే.