ఈ పుంజు అసలుదేనా?

జంషెడ్‌పూర్ పేరు వినగానే ఉక్కు కొలుములు స్ఫురిస్తాయి. కాని ఆ నగరంలోనూ తెల్లవారుజామున కోడి కూస్తుంది. పనికై ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చి తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటి పెరటిలోకి ఒకనాడు సంత నుండి ఒక పుంజు వచ్చిందనుకుందాం. ఎత్తైన కాళ్ళు, నిటారైన మెడ, చిన్న తురాయి. అమ్మినవాడు “అసలైన అసీల్” అని ప్రమాణం చేసి రెట్టింపు ధర తీసుకున్నాడు. దాని పిల్లలను అదే పేరుతో అమ్మాలని ఇల్లాలి ఆశ. అయితే ఆ పేరు నిజమేనా?

ముందుగా ఒక పొరపాటును తొలగించుకోవాలి. డేగ, కాకి, నెమలి, సేతువ అని మనవారు చెప్పేవి ఈకల రంగును బట్టి వచ్చిన పేర్లు. జాతుల పేర్లు కావు. ఇక నాటుకోడి అన్నది కూడా ఒక శుద్ధజాతి కాదు. ఎన్నో తరాలుగా స్వేచ్ఛగా కలిసిన కోళ్ళకు అది ఉమ్మడి పేరు. తల్లిదండ్రుల లక్షణాలు తరతరానికీ తప్పకుండా పిల్లలలో కనిపించినప్పుడే దానిని జాతి అనాలి. ఆంధ్రదేశపు అసీల్, మధ్యప్రదేశ్‌లోని కడక్‌నాథ్, జంషెడ్‌పూర్‌కు పొరుగున ఉన్న మయూర్‌భంజ్ ప్రాంతపు హన్స్‌లీ ఈ కోవలోనివి.

చిక్కు ఏమిటంటే, సంకర కోళ్ళు కూడా నాటువేషం వేయగలవు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, రాంచీలోని బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయం అందించిన ఝార్‌సిమ్ రెండూ రంగురంగుల ఈకలతో ఉంటాయి. “సిమ్” అంటే సంతాలీ, ముండారీ భాషలలో కోడి. ఇవి పెరటి పెంపకానికి ఉపయోగపడే మంచి కోళ్ళే. అయితే వనరాజా వంటి సంకరపు కోడి గుడ్లను పొదిగిస్తే, పిల్లలలో తల్లి గుణాలు ఒకే తీరుగా నిలవవు.

కనుక ఒక్క రంగును చూసి తీర్పు చెప్పరాదు. తురాయి, చెవితమ్మె, కాళ్ళ రంగు, ఈకల అమరిక, నిలబడే తీరు అన్నింటినీ కలిపి చూడాలి. ఇవి ఆ జాతికి సరిపోలకపోతే అది సంకరమని అనుమానించవచ్చు. సరిపోలినంత మాత్రాన శుద్ధమని రుజువు కాదు.

ఇందుకు కారణాన్ని శతాబ్దం క్రితమే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బేట్‌సన్ కోళ్ళపైనే పరిశీలించి తెలిపాడు. మెండెల్ బఠానీ మొక్కలలో కనుగొన్న సూత్రాలు కోడి తురాయికీ వర్తిస్తాయని 1902లో ఆయన నిరూపించాడు. అసీల్‌కు మూడు వరుసల చిన్న తురాయి ఉంటుంది. మామూలు కోడికి రంపపు పళ్ళ వంటి ఒంటి తురాయి. ఈ రెండూ కలిస్తే మొదటి తరంలో చిన్న తురాయిదే పైచేయి. సగం రక్తం పరాయిదైనా పిల్ల తండ్రినే పోలుతుంది!

గుట్టు బయటపెట్టేది సంతానమే. ఒంటి తురాయి గల పెట్టను ఇతర పుంజుల నుండి మూడు వారాలు వేరుగా ఉంచి, ఆ తరువాత అనుమానపు పుంజుతో జత కట్టాలి. పుంజు ఈ లక్షణంలో శుద్ధమైనదైతే పిల్లలన్నింటికీ చిన్న తురాయే వస్తుంది. సంకరమైతే సుమారు సగం పిల్లలకు ఒంటి తురాయి కనిపిస్తుంది. ఒక్క పిల్లకు అలా వచ్చినా పుంజు గుట్టు రట్టయినట్లే. సంకరపు పుంజుకు పుట్టిన ఎనిమిది పిల్లలూ చిన్న తురాయితోనే ఉండే అవకాశం 256లో ఒక వంతు మాత్రమే. అయితే ఈ పరీక్ష తురాయి వరకే సాక్ష్యం. తక్కిన గుణాల సంగతి తరువాతి తరాలు చెప్పాలి.

పరీక్షలో పుంజు ఓడిపోయినంత మాత్రాన ఇల్లాలు దానిని తరిమివేయనక్కరలేదు. కూతకు, కూరకు, కాపలాకు అది పనికివస్తుంది. ఆ పిల్లలను జాతికోళ్ళని చెప్పి అమ్మడమే తగదు. “అసీల్” అన్న మాట, మనం నిత్యం వాడే “అసలు” అన్న మాట ఒకే అరబ్బీ మూలం నుండి వచ్చాయి. కోడి విషయంలో ఆ అసలు మూలాన్ని బయటపెట్టేది అమ్మేవాడి ప్రమాణం కాదు, గంప కింది పిల్లలే.