కుక్కపిల్లలపై పిడుదుల మందు: కొలతలో పొంచి ఉన్న ప్రమాదం

మూసీ నదిపై 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో వెలసిన పురానాపూల్‌కు చేరువలోనే జియాగూడ గొర్రెలు, మేకల మార్కెట్ ఉన్నది. జీవాల వ్యాపారం సాగే చోట పిడుదుల మందు సీసా ఇంటి అరలో కనిపించడం వింత కాదు. ఆ సీసా కుక్కపిల్ల మీదికి మళ్ళినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఒక లెక్క చూద్దాం. పశువులకు వాడే 12.5 శాతం అమిట్రాజ్ ద్రావణంలో ప్రతి మిల్లీలీటరుకు 125 మి.గ్రా. మందు ఉంటుంది. లీటరు నీటికి 2 మి.లీ. కలిపితే గాఢత 250 పి.పి.ఎం. అదే మందును సీసా మూతతో సుమారు 5 మి.లీ. కొలిచి అర లీటరు మగ్గులో కలిపితే గాఢత 1250 పి.పి.ఎం.కు చేరుతుంది, అనగా ఐదు రెట్లు. నాలుగు నెలలు నిండని పిల్లలకు అసలు ఈ మందే తగదు. వాటి శరీర బరువుతో పోల్చితే చర్మ వైశాల్యం ఎక్కువ. విషాన్ని విరిచే కాలేయ ఎంజైములు ఇంకా పరిణతి చెందవు. పైగా పూసిన మందును అవి నాకుతాయి.

అమిట్రాజ్ విషప్రభావంలో మగత, తూలుడు, గుండె వేగం మందగించడం, ఒళ్ళు చల్లబడటం కనిపిస్తాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది. దురద తగ్గి పిల్ల హాయిగా నిద్రపోతున్నదని యజమాని పొరబడే ప్రమాదం ఇక్కడే ఉన్నది. దీనికి విరుగుడు యోహింబిన్ లేదా అటిపమెజోల్. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి ఇచ్చే అట్రోపిన్‌ను అలవాటుగా దీనికీ వాడటం సరికాదు. సైపర్‌మెత్రిన్ వంటి పైరిత్రాయిడ్లు వికటించినపుడు వణుకు, చొంగ, మూర్ఛ ముందుగా బయటపడతాయి.

కుక్కల కొరకే తయారైన మందులోనూ జాగ్రత్త తప్పదు. మెడపై వేసే 10 శాతం ఫిప్రోనిల్ చుక్కల మందు 10 కిలోల లోపు కుక్కకు 0.67 మి.లీ., అంటే 67 మి.గ్రా. రెండు కిలోల పిల్లకు ఇది కిలోకు 33.5 మి.గ్రా. అవుతుంది. ముప్పై కిలోల కుక్కకు ఉద్దేశించిన 2.68 మి.లీ. గొట్టాన్ని పొదుపు కోసం ఆ పిల్లపైనే వంచితే కిలోకు 134 మి.గ్రా. పడుతుంది. ఎనిమిది వారాలు, రెండు కిలోలు నిండనిదే ఈ చుక్కల మందు వాడరాదు.

అలాగని వదిలివేయుటా క్షేమం కాదు. పిడుదులు రక్తం పీల్చి పిల్లలను పాండురోగానికి లోను చేస్తాయి; ఎర్లీషియా, బబీసియా వ్యాధులను అంటిస్తాయి. గోధుమరంగు కుక్క పిడుదు ప్రతి దశలోనూ రక్తం త్రాగి నేలకు రాలి, గోడ పగుళ్ళలో దాగుతుంది. గుడ్లు కూడా అక్కడే పెడుతుంది. పాతబస్తీలోని పాత సున్నపు గోడలు దానికి అనువైన నివాసం. పిల్లపై ఎన్ని మార్లు మందు పూసినా ఆ పగుళ్ళను పూడ్చకపోతే ఫలితం స్వల్పమే. సందర్శనకు వెళ్ళిన విస్తరణ శాస్త్రవేత్త ముందు గోడను, పిదప కుక్కను చూడటం మేలని నా అభిప్రాయం.

మందు వికటించిందని అనుమానం కలిగితే గోరువెచ్చని నీటితో, పాత్రలు తోమే సబ్బుతో ఒళ్ళు కడిగి, వెంటనే తుడిచి, వెచ్చగా చుట్టి వైద్యుని వద్దకు చేర్చాలి. మందు సీసాను వెంట తీసుకొని పోవడం మరువరాదు. రెండు నెలలు నిండని పిల్లలకు పేల దువ్వెన, చిమటా చాలావరకు సరిపోతాయి. తల్లికి మందు పూసిన రోజున అది పూర్తిగా ఆరే వరకు పిల్లలను పాలకు విడువరాదు.