ధ్రువ సముద్రంలో వెలుతురు, నాచు అడవులు

సముద్రం అడుగున కూడా అడవులుంటాయి. కెల్ప్ అనే గోధుమరంగు నాచు రాళ్లను పట్టుకుని మనిషిని మించిన ఎత్తుకు పెరుగుతుంది. చూడ్డానికి చెట్టులా ఉన్నా దానికి వేళ్లుండవు. నీళ్లలోకి దిగిన ఎండతోనే దాని బతుకు.

నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల్లో, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయ ఉంది. 2008లో మన దేశం హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని తెరిచింది ఆ ఒడ్డునే. చలికాలంలో అక్కడ దాదాపు నాలుగు నెలలు సూర్యుడే కనిపించడు. వేసవిలో దాచుకున్న ఆహారాన్ని, మనం గాదెలోని గింజలు తీసినట్టు, కెల్ప్ ఆ చీకట్లో వాడుకుంటుంది. ఒక జాతి అయితే ఆ చీకట్లోనే కొత్త ఆకు తొడుగుతుంది!

మరి సముద్రం మీది మంచు కరిగితే కెల్ప్‌కు పండగే కదా అంటారేమో. సగం నిజమే. వెలుతురు ముందుగా వస్తుంది, రాళ్లను గీకే మంచు కూడా తగ్గుతుంది. కాని ఒడ్డునున్న హిమానీనదాలు కూడా కరుగుతున్నాయి. అవి నూరిన రాతిపొడి నీళ్లలో కలుస్తుంది. వరద రోజుల్లో ఏటిలో చెయ్యి ముంచి చూడండి, మీ వేళ్లే మీకు కనబడవు. అక్కడా అంతే.

1996-98లో ఒకచోట గజ ఈతగాళ్లు దిగి కొలిస్తే, కెల్ప్ 5 మీటర్ల లోతున బాగా దట్టంగా ఉంది. 2012-14లో అదే చోట చూస్తే ఆ దట్టమైన భాగం రెండున్నర మీటర్లకు వచ్చేసింది. పైన చిక్కబడింది, అడుగున పలచబడింది. ఇంకా పైకి జరుగుదామన్నా, కరిగిన మంచినీళ్లు తేలేది అక్కడే. ఉప్పు తగ్గిన నీళ్లు కెల్ప్‌కు పడవు.